తూటాల సైదా కాపలా కాసిన గుట్ట

1985 వేసవి చివర్లో నన్ను సామాజిక అడవుల విభాగం రేంజి ఆఫీసరుగా మాచర్లకు వేశారు. ఉత్తర్వు అందగానే తోటి ఉద్యోగులు పరామర్శకు వచ్చినట్టు వచ్చి వెళ్లారు. ఒకాయన గొడుగు బహూకరించాడు. పల్నాడు ఎండ సంగతి ఆయనకు తెలుసు, రెంటచింతలలో కొన్నాళ్లు పనిచేశాడు.

రిటైరయ్యాక ఎక్కడికి వెళ్లినా ఎన్ని పులుల్ని చూశారని అడుగుతారు నన్ను. నా ఉద్యోగంలో ఎక్కువ భాగం మేకలతోనే గడిచిందని చెబితే వాళ్ల ముఖాలు వాడిపోతాయి. అటవీ శాఖలో బీటుకు గార్డు ఉంటాడు. కొన్ని బీట్లు కలిస్తే సెక్షను, దానికి ఫారెస్టరు. కొన్ని సెక్షన్లు కలిస్తే రేంజి, దానికి రేంజరు. అడవి ఉన్న రేంజరుకు కలప దొంగలతో గొడవ. అడవి లేని రేంజరుకు మేకలతో గొడవ. మాచర్లలో నాది రెండో రకం ఉద్యోగం. పంచాయతీల బంజరు భూముల్లో మొక్కలు నాటి, మూడేళ్లు సాకి, బతికిన చెట్లను తిరిగి పంచాయతీకి అప్పగించాలి.

పని చెప్పినంత తేలిక కాదు. ఎండాకాలంలోనే గుంతలు తవ్వించి మట్టిని ఎండనివ్వాలి. మంచి వాన పడ్డాక నర్సరీ నుంచి మొక్కలు తెప్పించి నాటించాలి. చుట్టూ కందకం తవ్వించి, గట్టు మీద ముళ్లకంప వేయించాలి. ఇంత చేశాక మొదటి ఏడాది మొక్క సరిగ్గా మేక మూతికి అందే ఎత్తుకు వస్తుంది. పైగా ఆ రోజుల్లో మా శాఖకు సుబాబుల్ మీద మోజు. అది తొందరగా పెరుగుతుందనీ, దాని ఆకు పశువులకు మంచి మేత అనీ కరపత్రాలు అచ్చు వేసి పంచాం. మేకలకు చదువు రాకపోయినా రెండో సంగతి వాటికి ముందే తెలుసు.

నేను చెప్పబోయే గుట్ట గురజాలకూ రెంటచింతలకూ మధ్య ఒక ఊరి పడమటి వైపు ఉంది. వేప, కానుగ, సీతాఫలం, వాటితోపాటు సుబాబుల్ అక్కడ నాటించాం. ఆ గుట్టకు ఎదురుగా, గట్టిగా పిలిస్తే వినపడే దూరంలో సున్నపురాయి క్వారీ ఉండేది. ఊళ్లో సగం మంది క్వారీ మీద బతికేవాళ్లు, మిగతా సగం పొలాల మీద, మేకల మీద.

ప్లాంటేషనుకు ఒక వాచరు కావాలి. వాచరంటే శాఖలో ఉద్యోగి కాడు, మస్టరు రోలు మీద రోజుకూలి. హాజరు వేసిన రోజుకే కూలి, పని ముగిస్తే ఉద్వాసన. మొదట పెట్టిన కుర్రవాడు ఊళ్లో పెద్ద మంద ఉన్న కోటయ్యకు మేనల్లుడని నాకు ఆలస్యంగా తెలిసింది. మామ మేకలు గుట్టెక్కితే మేనల్లుడు మర్యాదగా పక్కకు జరిగి దారి ఇచ్చేవాడు. అతన్ని మాన్పించి ఇంకొకరి కోసం చూస్తుండగా ఒక మధ్యాహ్నం ఖాసింబీ మా ఆఫీసుకు వచ్చింది.

కూర్చోమంటే కూర్చోలేదు. గుమ్మం దగ్గరే నిలబడి, తూటాల సైదా భార్యనని చెప్పింది. ఆ పేరు మా ఫారెస్టరుకు తెలుసు. క్వారీలో రాతికి రంధ్రాలు తొలిచి, తూటా మందు కూరి, వత్తి ముట్టించే పని సైదాది. పాతికేళ్ల వయసు రాకముందే ఆ పనిలో దిగాడట. అంతకు ముందు ఏడాది పేలిన రాయి ఒకటి వచ్చి మోకాలికి తగిలింది. యజమాని ఆస్పత్రి ఖర్చు పెట్టుకుని అతన్ని ఇంటికి పంపించాడు. కాలు పూర్తిగా వంగదు. చెవులు అప్పటికే పేలుళ్లకు సగం పోయాయి, మిగిలిన సగంలో ఎప్పుడూ ఒకటే హోరు. ఏడాదిగా మనిషి మంచం దిగడు, కంటి మీద కునుకు లేదు, పక్కవాళ్లనూ పడుకోనివ్వడు. అన్నం పళ్లెం విసిరేస్తాడు. చుట్టాలు రావడం మానేశారు. గురజాల డాక్టరు గారు పరీక్షలన్నీ చేసి, జబ్బేమీ లేదని చెప్పి బిళ్లలు రాసిచ్చారు.

"జీతం కోసం రాలా సారూ," అంది ఖాసింబీ. "మిరపకాయల తొడిమలు తీసి ఇల్లు నేను నెట్టుకొస్తన్నా. ఆయన్ని ఆ మంచం మీంచి లేపండి, అంతే. ఇట్టాగే ఇంకో ఏడు కూకుంటే ఆ మనిషి నాకు దక్కడు."

ఆమె ఏడవలేదు. అందుకే నాకు కాదనడం కష్టమైంది. అయినా అడిగింది చిన్న కోరిక కాదు. సరిగ్గా నడవలేని, వినపడని, ముక్కు మీద కోపం ఉన్న మనిషిని మేకల మీదికి పంపమంటోంది. ఫారెస్టరు నా వంక చూశాడు. నేను కిటికీ వంక చూశాను. చివరికి సైదా పేరు రాయించడానికి కారణం నా మంచితనం కాదు. ఆ ఊళ్లో పనికి వస్తామన్న వాళ్లందరూ కోటయ్యకు ఏదో ఒక వరస చుట్టాలే. కానిది సైదా ఒక్కడే.

మొదటి వారం అతను పనికి వచ్చినట్టు లేదు, మంచాన్ని గుట్ట మీదికి మార్చినట్టుంది. మొక్కలకు వీపు పెట్టి, క్వారీ వైపు చూస్తూ ఒక బండ మీద కూర్చునేవాడు. అక్కడ రంధ్రాలు వంకరగా తొలుస్తున్నారని గొణుక్కునేవాడు. మొక్కలు ఎలా ఉన్నాయని అడిగితే, మీవే కదా మీరే చూసుకోండి అన్నట్టు చెయ్యి ఊపేవాడు. ఫారెస్టరు నాకు రోజూ ఈ నివేదిక ఇచ్చేవాడు. 

తరవాత జరిగింది చెప్పాలంటే క్వారీ కట్టుబాటు ఒకటి చెప్పాలి. వత్తి ముట్టించే ముందు మందు పెట్టేవాడు బండెక్కి, "అంటిస్తన్నానోయ్... తప్పుకోండోయ్" అని సాగదీసి మూడుసార్లు కేక పెడతాడు. ఆ కేక విన్నవాళ్లు చేతిలో ఏమున్నా పారేసి బండ చాటుకో గోడ చాటుకో చేరాలి. పేలుడు అయ్యాక అతనే "అయిందోయ్... రండోయ్" అని రెండో కేక పెడతాడు. అది వినపడేదాకా ఎవరూ తల ఎత్తకూడదు. క్వారీలో పనిచేసేవాళ్లకే కాదు, దారిన పోయేవాళ్లకూ అదే నియమం. ఆ ఊళ్లో పిల్లలు మాటలు నేర్చేటప్పుడే ఈ కేకకు పరిగెత్తడం నేర్చుకుంటారు. సైదా గొంతు ఇరవై ఏళ్లు ఆ ఊరిని పరిగెత్తించింది.

ఒక సాయంత్రం కోటయ్య మంద కందకం దాటి సుబాబుల్ వరసల్లో పడింది. కర్ర ఊపుతూ సైదా లేచాడు గానీ కాలు సహకరించలేదు. రెండడుగులు వేసి ఆగిపోయాడు. కళ్ల ముందే మేకలు వరస వెంట వరస బోడి చేస్తున్నాయి. అప్పుడు అతని గొంతులోంచి, ఆలోచించి కాదు, అలవాటుగా ఆ పాత కేక వచ్చింది. మందను మేపుతున్నవాళ్లు ఎక్కడివాళ్లక్కడ గట్టు కిందికి దూకారు. మేకలు ఊరి దారి పట్టాయి. కోటయ్య స్వయంగా ఒక బండ చాటున తువ్వాలు నెత్తిన కప్పుకుని బోర్లా పడుకున్నాడు. పేలుడు రాలేదు. రెండో కేకా రాలేదు. సైదా అది పెట్టలేదు. కట్టుబాటు మీరలేక కోటయ్య చానాసేపు అలాగే ఉండి, పొద్దు గూకాక లేచి ఇంటికి పోయాడట.

ఈ కథ విని మా ఆఫీసులో అందరం కడుపుబ్బ నవ్వుకున్నాం. అప్పటి నుంచి మేక కొమ్ము కనపడితే చాలు, సైదా కేక పెట్టేవాడు. పాతికమంది గార్డుల వల్ల కానిది ఆ ఒక్క గొంతు చేసింది. గుట్ట పచ్చబడింది.

పచ్చబడింది గుట్ట ఒక్కటే కాదు. నెలా రెండు నెలల్లో సైదా కూర్చునే దిక్కు మారింది, ఇప్పుడు వీపు క్వారీ వైపు. మేకల కోసం లేచినవాడు లేచినట్టే మొక్కల మధ్య తిరిగేవాడు. తిరగ్గా తిరగ్గా మోకాలు కాస్త వదులైంది. వాన ముఖం చాటేసిన రోజుల్లో, ఎవరూ చెప్పకుండానే, దిగువ కుంటలోంచి డబ్బాతో నీళ్లు తెచ్చి వాడిపోతున్న వేప మొక్కలకు పోసేవాడు. గురజాల బస్టాండులో ఖాసింబీ ఎదురుపడి, ఆయన నిద్రపోతున్నాడని చెప్పింది. ఇంకో మాట చెప్పాలా వద్దా అన్నట్టు ఆగి, నవ్వింది. "నిన్న కూరలో ఉప్పు తగ్గిందన్నాడు సారూ. ఆయన నోట ఉప్పు మాట విని ఏడాదైంది."

నా సంగతీ చెప్పుకోవాలి. ఎండకో ఆఫీసు తగాదాలకో మాచర్ల వచ్చినప్పటి నుంచి నాకు కడుపులో మంట. మందుల షాపతను నన్ను పేరు పెట్టి పలకరించేవాడు. గుట్ట తనిఖీకి వెళ్లిన రోజు మాత్రం మంట ఉండేది కాదు. ఖాసింబీ కట్టి పంపే జొన్నరొట్టె మహిమ అనుకున్నాను. అదీ కొంత నిజమే కావచ్చు. కానీ కుంటుతూ నడిచే మనిషి పక్కన మొక్క మొక్క దగ్గరా ఆగుతూ నడవాలంటే ఎవరైనా తొందర మానుకోవాల్సిందే. అలాంటి ఒక నడకలో సైదా తనంతట తానే అన్నాడు: "చెవుల్లో హోరు ఈడ తగ్గుద్ది సారూ. చూడాల్సినయ్యి చానా ఉంటే చెవి మర్చిపోద్దేమో." పెద్ద గొంతుతో అన్నాడు, వినపడనివాళ్లు మాట్లాడినట్టు. అయినా అది గుట్టుగా చెప్పిన మాటే.

చలి మొదలయ్యేసరికి క్వారీ మేస్త్రి అంజయ్య మా ఆఫీసుకు వచ్చాడు. మనిషి వణుకుతున్నాడు, కోపంతో అనుకున్నాను. గుట్ట మీది నుంచి వేళాపాళా లేకుండా కేకలు వస్తుంటే క్వారీలో జనం పనులు పారేసి బండల చాటుకు చేరుతున్నారు. రెండో కేక రాదు కాబట్టి లేవరు. కొన్నాళ్లకు వాళ్లకు విసుగు పుట్టింది, సైదా మేకల్ని తోలుతున్నాడులే అని కేకకు పరిగెత్తడం మానేశారు. ఆ రోజు పొద్దున మందు పెట్టేవాడు నిజంగానే కేక పెడితే రాళ్లు ఎత్తే ఆడవాళ్లిద్దరు కదలలేదు. వత్తి అంటుకున్నాక అంజయ్య పరిగెత్తి వాళ్లను జుట్టు పట్టి ఈడ్చుకొచ్చాడు. ముగ్గురికీ దెబ్బ తగల్లేదు. అంజయ్య వణుకు కోపంతో కాదు. సైదాను గుట్ట దించకపోతే పై అధికారుల దగ్గరికి పోతానని చెప్పి వెళ్లాడు.

సైదాను పిలిపించి జరిగింది చెప్పాను. గట్టిగా చెప్పాల్సి వచ్చింది, రెండుసార్లు. అతను వాదించలేదు. ఇరవై ఏళ్లలో తన కేక విన్నవాళ్లలో ఒక్కరికి గీత పడలేదన్నది అతనికి ఉన్న ఒకే ఒక్క గొప్ప. తనకు రాయి తగిలింది గానీ ఇంకెవరికీ తగలనివ్వలేదు. ఆ ఇద్దరు ఆడవాళ్ల పేర్లు అడిగాడు. చెప్పాను. భుజం మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకుని, "నేను రేపట్నుంచి రాను సారూ," అన్నాడు. మేకల్ని కేక లేకుండా ఎలా ఆపాలో నాకూ తెలియదు కాబట్టి సరేనన్నాను.

నాలుగైదు రోజులకు ఖాసింబీ మళ్లీ వచ్చింది. ఈసారి గుమ్మం దగ్గర ఆగలేదు, నా బల్ల దాకా వచ్చింది. సైదా మళ్లీ మంచమెక్కాడు. ముఖం గోడ వైపు తిప్పాడు. ఈసారి పళ్లెం కూడా విసరడం లేదు, ముట్టుకోవడమే లేదు.

"మీ మొక్కలు పోతే మళ్లీ నాటుకుంటారు," అంది. "ఈ మనిషి ఎండితే నేను ఏడ నాటాల సారూ?"

  మర్నాడు పొద్దున్నే జీపు వేసుకుని వాళ్ల ఇంటికి వెళ్లాను. ఒక రేంజరు రోజుకూలి మంచం దగ్గరికి వెళ్లడం ఆ రోజుల్లో మర్యాద కాదు, కానీ అక్కడికి పోయాక అవేమీ గుర్తు రాలేదు. మనిషి నిజంగానే వాడిపోయాడు. మానాల్సింది కేకే గానీ పని కాదని చెప్పాను. కేక లేకపోతే తన మాట ఎవడు వింటాడని అడిగాడు. కోటయ్యను అడిగి చూడమన్నాను. అతను నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూశాడు. పుట్టాక సైదా ఎవరినీ ఏదీ అడగలేదు. అతని వృత్తిలో అడగడం లేదు, కేక పెట్టడమే. అతను లేవలేదు. చివరికి ఖాసింబీ వచ్చి, చెప్పులు తెచ్చి మంచం పక్కన పెట్టింది.  సైదా కాళ్లు కిందికి దించాడు.

కోటయ్య మేకల దొడ్డి దగ్గరికి ఖాసింబీతో కలిపి ముగ్గురం వెళ్లాం. కోటయ్య మమ్మల్ని చూసి పాలు పితకడం ఆపలేదు. బండ చాటున బోర్లా పడుకున్న సాయంత్రం అతను ఇంకా మర్చిపోలేదు. సైదా తనకు తెలిసిన ఒకే గొంతుతో, వీధి వీధంతా వినేటట్టు అన్నాడు:

"కోటయ్య బాబాయ్, ఆ గుట్ట మీద తిరిగినప్పట్నుంచి నాకు నిద్ర పడతంది. నీ మేకలు దాన్ని తింటే నాకు గుట్ట ఉండదు, నిద్రా ఉండదు. నా కాడ ఇంకేం లేదు చెప్పటానికి."

వీధిలో గుమ్మాల దగ్గర నిలబడ్డ ఆడవాళ్లు పనులు ఆపారు. అలాంటి మాటలు మగవాళ్లు అరుగు మీద చెప్పుకోరు. చెప్పినా అంత గట్టిగా చెప్పరు. కోటయ్య చెంబు పక్కన పెట్టి చేతులు తుడుచుకున్నాడు.

"అయితే నా మేకలు ఏం తినాల్రా సైదా?" అన్నాడు.

ఆ ప్రశ్నతో బేరం మొదలైంది. మిగతాది నా పని. మా నిబంధనల్లో ప్లాంటేషను లోపల మేపడం నిషేధం గానీ, గడ్డి కోసుకుపోవడం నిషేధం కాదు. మేకలు రాని గుట్ట మీద ఆ ఏడు గడ్డి నడుము ఎత్తున నిలిచింది. సుబాబుల్ కూడా కాస్త ఎదిగాక పక్క కొమ్మలు నరకాల్సిందే. ఆ గడ్డి, ఆ కొమ్మలు సైదా కోసి కందకం గట్టు మీద పెట్టేటట్టు, కోటయ్య వాళ్లు అక్కడి నుంచి పట్టుకుపోయేటట్టు, మందలు గుట్ట అవతలి వాలులో తిరిగేటట్టు ఒప్పుకున్నారు. కోటయ్య ఒక్క షరతు పెట్టాడు. ఆ కేక మాత్రం మళ్లీ పెట్టకూడదు. దాని దెబ్బకు రెండు మేకలు పాలు ఎగ్గొట్టాయట.

సైదా అక్కడితో ఆగలేదు. అదే రోజు మధ్యాహ్నం అన్నాల వేళకు క్వారీకి పోయి, అందరి ముందూ నిలబడి, ఇకమీదట గుట్ట మీంచి ఆ కేక రాదనీ, వినపడితే అది క్వారీదేననీ, విన్నవాళ్లు పరిగెత్తాలనీ చెప్పాడు. ఆ ఇద్దరు ఆడవాళ్ల దగ్గరికి విడిగా పోయి ఏదో అన్నాడు. ఏమన్నాడో నాకు తెలియదు. అంజయ్య పై అధికారుల దగ్గరికి పోలేదు.

తరవాత రెండేళ్లు ఆ గుట్ట గురించి రాయడానికి విశేషాలు లేవు. మా ఉద్యోగంలో విశేషాలు లేకపోవడమే మంచి వార్త. మా పై అధికారి డి.ఎఫ్.ఓ. గారు తనిఖీకి వచ్చి, వేపల కింద కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. ఆ రేంజిలో ఆయన కుర్చీ వేయించుకోవడానికి నీడ దొరికిన ప్లాంటేషను అదొక్కటే.

1988లో గుట్టను పంచాయతీకి అప్పగించాం. అప్పగింత అయిందంటే మస్టరు రోలు మూసేస్తారు, వాచరు కూలి ఆగిపోతుంది. అదే నెలలో నాకు బదిలీ వచ్చింది. సామాను సర్దుకుంటుండగా ఖాసింబీ ఆఫీసుకు వచ్చింది. కూలి పొడిగించమని అడుగుతుందనుకుని, నా చేతిలో ఏమీ లేదని ఎలా చెప్పాలో మనసులో కూర్చుకున్నాను. ఆమె అడిగింది అది కాదు.

"పంచాయతీ వాళ్లు కొత్తగా ఎవర్నో కాపలా పెడతారంట సారూ. వద్దని చెప్పిపోండి. కూలి ఇయ్యకపోతే మానె. ఆ గుట్ట మాత్రం ఆయనకి ఉంచమనండి."

సర్పంచి దగ్గరికి వెళ్లి చెప్పాను. జీతం అడగని కాపలాదారుణ్ని ఎవరు వద్దంటారని ఆయన నవ్వాడు. గడ్డిలో కొంత భాగం సైదాకు ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. నేను జీపెక్కేటప్పటికి సైదా గుట్ట మీదే ఉన్నాడు. వీడ్కోలుకు దిగి రాలేదు.

ఆ తరవాత ఇంకొన్ని రేంజిల్లో పనిచేశాను. ఏ మొక్క నాటాలి, గుంత ఎంత లోతు తవ్వాలి అన్నవి పైనుంచి వచ్చేవి. వాచరు ఎంపిక ఒక్కటే నా చేతిలో ఉండేది. కాళ్లూ చేతులూ గట్టిగా ఉన్నవాణ్ని వెతకడం మానేశాను. ఈ ఊళ్లో ఇంట్లో ఊపిరాడని మనిషి ఎవరని వాకబు చేసేవాణ్ని. పేరు చెప్పింది చాలాసార్లు వాళ్ల ఆడవాళ్లే. అలా పెట్టుకున్నవాళ్లలో కొందరు పనికిరాలేదు, ఒకాయన రెండోరోజే జారుకున్నాడు. నిలిచినవాళ్ల తోటలు మాత్రం నిలిచాయి. మొక్కను కాపాడడానికి చెట్ల మీద ప్రేమ ఉన్నవాడే రానక్కర్లేదు. అది ఎండిపోతే తనకు నిద్ర పట్టదని తెలిసినవాడు చాలు.